రజనక్క అసలు పేరు

తొంభై ఒకటో ఏట సత్యమ్మ విమానం ఎక్కి, ఆర్నెల్లు ఉండి వస్తానని వెల్లింగ్టన్‌లో మనవరాలు నవీన ఇంటికి వచ్చింది.

గాలి కాస్త నెమ్మదించిన ఒక శనివారం నవీన ఆమెను చక్రాల కుర్చీలో జాతీయ గ్రంథాలయానికి తీసుకువెళ్లింది. అక్కడ అద్దం కింద నూటముప్పై ఏళ్లనాటి కాగితపు చుట్ట ఉంది. ఓటుహక్కు కావాలని ఈ దేశపు ఆడవాళ్లు సంతకాలు పెట్టిన అర్జీ అది.

"ఇంతమంది ఆడోళ్లు ఎవరి పేరు వాళ్లే రాసిన్రా?"

"అవును అమ్మమ్మా. వాళ్ల మునిమనవరాళ్లు ఆ పేర్లను ఆన్‌లైన్‌ల సెర్చ్ చేసుకుంటరంట."

సత్యమ్మ అద్దం మీదికి వంగి ఆ పేర్లు చూసింది. "మా రజనక్కను ఎతుకుదామంటే ఆమె అసలు పేరే నాకు తెల్వదు" అంది.

నవీన రజనక్క పేరు ఎన్నడూ వినలేదు. పక్కనే బల్లమీద కూర్చుంది. ముసలామె చెప్పుకొచ్చింది.

అప్పుడు సత్యమ్మకు పద్నాలుగేళ్లు. నెత్తిమీద చల్లకుండ, కుండ కింది చుట్టకుదురులో చీటీలు. నైజాం పోలీసుల ముందునుంచే నడిచి వాటిని అడవిలోని దళానికి చేర్చేది. దళంలో ఎవరికీ సొంత పేరుండదు. పట్టుబడితే ఊరూ ఇల్లూ బయటపడతాయని అందరివీ మారుపేర్లే. రజనక్కకు పందొమ్మిదేళ్లు. తుపాకీ పట్టేది, గాయాలకు కట్లు కట్టేది, తీరిక దొరికితే బండమీద బొగ్గుతో సత్యమ్మ చేత అక్షరాలు దిద్దించేది. ఒకరోజు తెల్లవారగానే మిలట్రీ చుట్టుముట్టింది. రజనక్క ఆమెను వాగువైపు నెట్టి, తాను తుపాకీ కాలుస్తూ గుట్టవైపు పరుగెత్తింది. మళ్లీ కనిపించలేదు.

"తర్వాత సచ్చినోళ్ల పేర్లతోని స్తూపాలు కట్టిన్రు. ఏ ఊరికి పోయినా స్తూపం కాడ నిలబడి చదివిన. ఆమె నేర్పిన అక్షరాలతోనే చదివిన. ఏ పేరు కోసం చదవాల్నో తెల్వకపాయె."

"మాకు ఒక్కసారి కూడా చెప్పలేదేంది?"

"మీ తాత వద్దన్నడు. మగోళ్లతోని అడవిల తిరిగిందంటే లోకం ఏమంటదో అని."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక నవీన ఆ మాటలన్నీ మళ్లీ చెప్పించి, వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. మూడు వారాలకు సూర్యాపేట నుంచి పార్వతి అనే రిటైర్డ్ టీచరు అది చూసి వీడియో కాల్ చేసింది.

"మా అమ్మ పేరు వెంకటలక్ష్మి. మిర్యాలగూడల బట్టలు కుట్టేది. అడవి ముచ్చట ఎన్నడూ ఎత్తలే. చనిపోయేముందు రెండు రోజులు ఒక్కటే అడిగింది, సత్తెమ్మ వాగు దాటిందా అని. ఆ సత్తెమ్మ ఎవరో మాకు అర్థం కాలే."

"దాటిన" అంది సత్యమ్మ. "ఎప్పుడు పోయింది బిడ్డా?"

"పదహారేళ్లయింది."

సత్యమ్మ కాపురం నకిరేకల్‌లో. అరవై ఏళ్లు మిర్యాలగూడ బస్సులు ఆమె గుమ్మం ముందునుంచే పోయాయి. సంతకని, పెళ్లిళ్లకని ఎన్నిసార్లు ఆ బస్సెక్కిందో. ఏ వీధిలోనో, ఏ కుట్టుమిషను చప్పుడు పక్కనుంచో తాను నడిచిపోయి ఉంటుంది. వెంకటలక్ష్మి, వెంకటలక్ష్మి అని రెండుసార్లు పెదవుల్లో అనుకుంది. ఇంత మామూలు పేరా అనిపించింది. ఎన్ని ఇళ్లలో ఈ పేరు పిలవగా విందో.

"చిన్నమ్మా, ఒకటి అడుగుతా" అంది పార్వతి. "అమ్మ అప్పట్ల నవ్వేదా? మేం ఎక్కువ చూడలే."

"మస్తు నవ్వేది బిడ్డా. గుట్టకింద పోలీసులకు వినబడ్తదని కొంగు నోట్ల కుక్కుకొని నవ్వేది."

అటువైపు పార్వతి కళ్లు తుడుచుకుంటోంది. "దేనికి నవ్వేది?"

సత్యమ్మ ఫోను దగ్గరికి జరిపించుకుని చెప్పడం మొదలుపెట్టింది.