ఏడో వరసలో మూడు మగ్గులు

ఆ గాజు షెడ్డులో మట్టి లేదు. టమాటా వేళ్లు గొట్టాల్లో పారే ఎరువునీళ్లలోనే పెరుగుతాయి. ఆ నీళ్లు కలిపేది అమ్మ. కొలతగ్లాసు పట్టకుండా, ఆకు రంగు చూసి పదమూడేళ్లు కలిపిన చెయ్యి అది.

ఆమె కూతురే ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అదే షెడ్డులో చేరి, కాయల అడుగు నల్లబడుతున్నది ఎరువులో అమ్మోనియం ఎక్కువై అని చెప్పింది. యజమాని ఏడో వరస ఆమెకి వదిలాడు.

"నల్లకాయలు తగ్గితే షెడ్డంతా నీ లెక్కే. తగ్గలేదా, పుస్తకాలు అటకెక్కించి కాయలు కోసుకో."

కూతురు అమ్మోనియం బాగా తగ్గించి నైట్రేటు పెంచింది. కాయలు శుభ్రంగా దిగాయి గానీ ఆకులు పక్క వరసకన్నా కాస్త లేతగా ఉన్నాయి. అమ్మకి ప్రాణం ఒప్పలేదు. మూడు రోజులు, పొద్దున్నే ఎవరూ రాకముందు, ఆ తొట్టిలో అమ్మోనియం నీళ్లు మగ్గెడు చొప్పున పోసింది. ఆకులు నవనవలాడాయి. పిల్ల చదువుకి తన చెయ్యి తోడైందని మురిసిపోయింది.

రెండు వారాలకి పై గెలల్లో కాయల అడుగులు నల్లబడ్డాయి.

యజమాని ఒకటి తెంపి బల్ల మీద పెట్టాడు. "ఏమ్మా డిగ్రీ, ఇదేనా నీ లెక్క?"

కూతురు నోటుబుక్కు తెరిచింది. "రెండు వారాల కింద మంగళవారం నుంచి మూడు రోజులు నీళ్లు పులుపెక్కాయండీ. వేరు అమ్మోనియం తాగితేనే అలా పులుస్తాయి, కాయకి కాల్షియం అందదు. అంతకుముందు కాసిన కింది గెలలు చూడండి, మచ్చ లేదు. అప్పుడు పిందె కట్టినవే పోయాయి. ఎవరో అమ్మోనియం పోశారు."

"ఎవరో పోశారని ఎవరైనా అంటారు."

తొట్టి దగ్గరున్న అమ్మ ముందుకొచ్చింది. "నేనేనండీ. ఆకు పాలిపోయింది, పిల్లకి మాటొస్తుందని. మూడు మగ్గులు."

కూతురు పుస్తకం అతని వైపు తిప్పింది. పులుపు విరచడానికి ఎంత మందు పట్టిందో దాన్నిబట్టి పోసిన అమ్మోనియం లెక్కగట్టి, కింద ముందే రాసి ఉంచింది. అతను పైకి చదివాడు. "సుమారు మూడు మగ్గులు."

అతను పుస్తకం మూశాడు.

"షెడ్డంతా మార్చు," అన్నాడతను. "మీ అమ్మ చేతికి మాత్రం మగ్గు ఇవ్వకు."

"ఇస్తానండీ. మా అమ్మలా కలిపేవాళ్లు లేరు. కొలిచి కలుపుతుంది, అంతే."

మధ్యాహ్నం కాయలు ఏరే ఆడవాళ్లు అమ్మని నిలదీశారు. "ఏంటక్కా, చివాట్లు పడ్డాయంటగా?"

"పడితే పడ్డాయిలే," అంది అమ్మ. కొలతగ్లాసు కళ్లకి సమంగా ఎత్తి పట్టుకుని, గీత దగ్గర ఆపింది. "చాటుగా మూడు మగ్గులు పోస్తే మూడని రాసిందే నా కూతురు. మీ ఇళ్లలో ఉన్నారా అలాంటోళ్లు?"