ఇస్త్రీ అక్క అడిగిన ప్రశ్న

పొద్దున్నే కుట్టుమిషన్లు తిరగడానికి ముందు మేనేజరుది రోజూ ఒకటే పాట.

"చర్చావేదిక పెట్టింది మీకోసమేనమ్మా! ఫోన్లో రెండు ముక్కలు రాయండి. నోరు విప్పితేనే కదా మీ కష్టం మాకు తెలిసేది?"

అందరూ తలలూపి ఎవరి మిషన్ ముందు వాళ్ళు కూలబడేవారు. ఒక్కరూ రాసేవారు కాదు.

వెనక తలుపు పక్కన, గుడ్డ పేలికలు కుప్పపడే మూలలో నిలబడి బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడని అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. ఆవిడ ఆ మాట నమ్మింది. నమ్మి రాసింది: "వెనక తలుపుకి ఎప్పుడూ తాళమెందుకు? నిప్పంటుకుంటే ఎటు పోవాలి?"

సాయంత్రానికి ఆవిడ ఫోన్లోంచి కందిరీగలు రావడం మొదలెట్టాయి. ఇలాంటి వేదికల్లో ఎవరైనా తిడితే తిట్టుకో కందిరీగ రావడం, తిట్లు తిన్నవాళ్ళని అంటిపెట్టుకు తిరగడం మామూలే. అన్నాళ్ళూ ఒక్క ముక్క రాయని తోటివాళ్ళు మేనేజరు మెప్పు కోసం పోటీలుపడి మరీ రాశారు. "పని ఎగ్గొట్టడానికి వంకలు." "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం." అన్నిటికన్నా లావుపాటి కందిరీగ, అక్కడే కుట్టుపని చేసే సొంత తోడికోడలిది: "ఇంట్లోనూ ఈవిడ ఇంతే."

"ఆ రాసింది తీసెయ్యవే," అన్నాడు మొగుడు, వాచిన చెవి తడుముకుంటూ.

"నేనెందుకు తీస్తాను? రాయమన్నది వాళ్ళు."

మర్నాడు అదే ప్రశ్న మళ్ళీ రాసింది. కందిరీగలు రెట్టింపయ్యాయి. ఆవిడ వెంటే ఫ్యాక్టరీకొచ్చి ఇస్త్రీ బల్ల చుట్టూ ముసురుకున్నాయి.

"ముందు వీటిని బయటికి తోలండి!" అని మేనేజరు చిందులు తొక్కి, వెనక తలుపు తాళం తీయించి బార్లా తెరిపించాడు. అవి పోకపోగా తలుపు గడియ మీదే గూడు కట్టాయి. మూయబోయిన వాచ్‌మన్ చెయ్యి రొట్టెలా పొంగింది. ఆ తర్వాత ఆ తలుపు జోలికి ఎవరూ పోలేదు.

ఆ వారమే, ముందు గదిలో కరెంటు తీగ నిప్పులు కక్కింది. గుడ్డల తానులు భగ్గుమన్నాయి. ముందు వాకిలి పొగతో మూసుకుపోయింది.

"ఇటు! ఇటు రండే!" అని అరుస్తూ ఇస్త్రీ అక్క చేతికందినవాళ్ళని అందినట్టు రెక్క పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి ఈడ్చింది. కందిరీగలు ఎవర్నీ ముట్టలేదు.

అందరికన్నా ఆఖర్న తోడికోడలు వచ్చింది. దగ్గుతూ రోడ్డు మీద చతికిలబడింది. ఇస్త్రీ అక్క నీళ్ళ సీసా అందిస్తే గడగడా తాగి మూతి తుడుచుకుంది.

"చూశావా అక్కా, మేం అన్ని తిట్లు తిట్టబట్టే కదా ఆ తలుపు తెరుచుకుంది!"

కాదనడానికి లేదు. అందుకే ఇస్త్రీ అక్కకి ఇంకా ఒళ్ళు మండింది.