కిటికీ దగ్గర పాత కంప్యూటర్

పాత సామాన్ల బండి వచ్చేలోగా తెర మీద బొమ్మ రాకపోతే కంప్యూటర్ బండెక్కాలి, కిటికీ దగ్గరి చోటు ఆవిడకు దక్కాలి. మొగుడూ పెళ్ళాల మధ్య కుదిరిన ఒప్పందం ఇది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. అయ్యగారి ముసలి కంప్యూటర్ కిటికీ దగ్గర తిష్ఠ వేసినప్పటి నుంచి కుట్టుమిషన్ చీకటి మూలకు పోయింది. పట్టపగలే దీపం వేసుకుని సూదిలో దారం ఎక్కించుకోవాల్సి వస్తోంది, కళ్ళు లాగేస్తున్నాయి. అందుకే పొద్దుటి నుంచి ఆవిడ చెవులు వీధి వైపే ఉన్నాయి.

ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరో పారేయబోతున్న కంప్యూటర్‌ను చంటిపిల్లలా ఎత్తుకొచ్చి, దాన్ని నడిపించడానికి ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించారు. నల్ల తెర మీద అక్షరాలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. బొమ్మలూ మౌస్ బాణమూ ఉండే డెస్క్‌టాప్ మాత్రం ససేమిరా అంటోంది.

"ఏమోయ్, ఈసారి వచ్చి తీరుతుంది చూడు!" అని కేకేసి ఆయన ఎంటర్ నొక్కారు.

తెర నల్లబడింది. మానిటర్ కుయ్యిమని ఈలేసింది. ఆయన గబుక్కున స్విచ్ కట్టేశారు.

"పేలిపోతుందేమోనండీ!"

"ఎందుకిలా అరుస్తోందో నాకూ అంతు పట్టడం లేదు. ఈ మానిటర్ బొమ్మ గీసేటప్పుడు ఎంత వేగం తట్టుకుంటుందో వెనక మూత మీద అంటించి ఉంది. ఆ అంకెలే పొల్లుపోకుండా కొట్టాను. అయినా గోల పెడుతోంది!"

వెనక మూత అనగానే ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. మొన్న దుమ్ము దులపడానికి ఆయన రెండు మానిటర్లు విప్పి భోజనాల బల్ల మీద పరిచారు. ఒకటి ఇది, రెండోది విడిభాగాల కోసం తెచ్చిన చచ్చిన మానిటర్. ఆయన ఫోన్‌లో కబుర్లలో పడితే, అన్నం వేళయిందని ఆవిడే విసుక్కుంటూ మూతలు బిగించేసింది. ఏది దేనిదో చూసిన పాపాన పోలేదు.

"పాత సామాన్లు కొంటాం!" వీధి మలుపులో కేక వినబడింది.

నోరు మూసుకుంటే చాలు, కిటికీ తనదే. మూసుకుందామనే అనుకుంది కూడా. కానీ ఆయన ముఖం చూస్తే జాలేసింది, తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఏవండీ, ఆ మూతలు బిగించింది నేనే. తారుమారు చేశానేమో."

ఆయన తిడతారనుకుంది. ఎగిరి గంతేశారు.

"అదీ సంగతి! భలే చెప్పావోయ్!" అంటూ బాల్కనీలోకి పరుగెత్తి, అక్కడ పడేసిన చచ్చిన మానిటర్ వెనక అంకెలు చదువుకొచ్చి, మళ్ళీ స్విచ్ వేసి వాటిని కొట్టారు. "పాపం, నడవలేని దాన్ని పట్టుకుని పరుగెత్తమంటున్నాను!"

గుమ్మంలోంచి పాత సామాన్లవాడు పిలిచాడు. "అమ్మగారూ! కంప్యూటర్ ఉందన్నారు?"

"ఆగవయ్యా, ఒక్క క్షణం!" అని అరిచింది ఆవిడే.

ఆయన ఎంటర్ నొక్కారు. తెర నల్లబడింది. ఈల లేదు. అంతలో తెరంతా బూడిదరంగులో సన్నటి నేత పరుచుకుంది.

"అయ్యో, చొక్కా గుడ్డలా ఉందే!"

నేత మధ్యలో చిన్న ఇంటూ గుర్తు. ఆయన మౌస్ కదిపితే అది కదిలింది! ఇద్దరూ ఒకేసారి కేకేశారు. పక్కనే చిన్న గడిలో గడియారం వచ్చింది, దానికి ముళ్ళు కూడా ఉన్నాయి. ఆవిడ ఆయన చేతిలోంచి మౌస్ లాక్కుని గడియారాన్ని తెరంతా తిప్పింది. చెప్పలేనంత సంతోషం వేసింది ఆవిడకు.

"సినిమానా అమ్మా?" అని తొంగిచూశాడు పాత సామాన్లవాడు.

"అంతకంటే ఎక్కువేనయ్యా!" అని చచ్చిన మానిటర్ వాడికి అప్పగించి పంపింది.

తలుపు వేస్తుంటే కిటికీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. లోపలికి వచ్చేసరికి ఆయన రొప్పుతూ కుట్టుమిషన్‌ను కిటికీ దగ్గరికి లాగుతున్నారు. కంప్యూటర్ అప్పుడే మూలకు చేరిపోయింది.

"ఇదేంటండీ? పందెం మీరే గెలిచారుగా?"

"కంప్యూటర్ ఇంట్లో ఉంటుందనేగా పందెం? స్క్రూలు తిప్పే పని అయిపోయింది, ఇంక నాకు పగటి వెలుగెందుకు? దాని వెలుగు దానికుంది."

ఆవిడ ఎండలో కూర్చుని సూది తీస్తే ఒక్కసారికే దారం ఎక్కింది.

"ఏమోయ్, ఆన్ చేస్తున్నా!" మూలనుంచి కేక.

"ఆగండాగండి, నేను లేకుండా నొక్కకండి!" అంటూ సూది గుడ్డకు గుచ్చేసి పరుగెత్తింది.