కదపకూడని సీసా

తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటే ఏమిటో ఆమెకు బావ దగ్గరే తెలిసింది. ఇద్దరిదీ ఒకటే ప్రయోగశాల. బ్యాక్టీరియా ఒంటి మీద వెంట్రుకలు ఎలా మొలుస్తాయో తేల్చి, మైక్రోస్కోపుతో ఫొటోలు తీసింది ఆమె. ఆ ఫొటోలు తనవేనని సభలో చూపించి మెప్పు కొట్టేసింది అక్క మొగుడు. కడుపు మండి అక్కకు చెబితే, ఇంట్లో మనిషే కదా, ఎవరి పేరుంటే ఏమిటంది. ఆ మాటతో మంట ఇంకాస్త రాజుకుంది.

నిజానికి అవి వెంట్రుకలు కావు, ప్రోటీన్ ముక్కల గొలుసులు. ప్రతి ముక్కకూ ఒక గాడి ఖాళీగా ఉంటుంది. వెనకొచ్చే ముక్క తన తోకను అందులో దూర్చి నింపుతుంది. దాని గాడిని ఆ వెనకది నింపుతుంది. తోక అందేదాకా ముక్క చెడిపోకుండా మరో ప్రోటీన్ ఆ గాడిలో వేలు పెట్టి కాపాడి, పని కాగానే తప్పుకుంటుంది. పేరు అడగదు. అలాంటి బుద్ధి ప్రోటీన్లకే గానీ బావలకు ఉండదని ఆమె పళ్ళు నూరుకుంది.

అంతలో ప్రయోగశాల పెద్దసారు బావను పిలిచి, రేపు అతిథులొస్తున్నారు, ఆ వెంట్రుకలు తాజాగా పెంచి చూపించమన్నాడు. బావకు అలవాటైంది వేరే బ్యాక్టీరియాను పెంచి ప్రోటీన్ పంట తీసే పని. అందులో సీసాను ఎంత ఊపితే అంత పంట. ఈ బ్యాక్టీరియా సంగతి వేరు. కదపకుండా వదిలేస్తేనే, పైన ఉన్న గాలి కోసం వెంట్రుకలు పెంచి, ఒకదాన్నొకటి పట్టుకుని మీగడలా కడతాయి. ఊపితే గాలి ఊరికే దొరుకుతుంది, ఇక వాటికి వెంట్రుకలెందుకు?

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ చూసింది. ఊపే మిషను మీద బావ సీసా గిరగిరా తిరుగుతోంది. ఒక్క మాట చెబితే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఏంటి మరదలా, నేర్చుకుంటావా? రేపు రా, చూపిస్తాను" అన్నాడు బావ, నవ్వుతూ.

ఆమె మాట మింగేసింది. సీసాను పట్టి ఉంచే క్లిప్పు వదులుగా కనిపిస్తే, బావ అటు తిరిగాక గట్టిగా బిగించి మరీ వెళ్ళింది.

మర్నాడు అతిథుల ముందు, తెర మీద బ్యాక్టీరియా బోడిగుండ్లలా నున్నగా కనిపించాయి. ఒక్క వెంట్రుక లేదు. బావ చెమట తుడుచుకుంటూ మైక్రోస్కోపు చెడిందన్నాడు. ఆమె మూల అల్మరాలో కదపకుండా ఉంచిన తన సీసాను రెండు చేతులతో, మీగడ చెదరకుండా పట్టుకొచ్చింది. అందులో చుక్క తీసి, రంగు పట్టించి, అదే మైక్రోస్కోపులో పెట్టింది. తెర నిండా వెంట్రుకలే. మొదటి ఫొటోలు అసలు ఎవరు తీశారని పెద్దసారు అడిగాడు. నేనే తీశానని ఆమె అందరి ముందూ చెప్పింది. కడుపు చల్లబడింది, ఆ సంగతి దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర బావ అడ్డం వచ్చాడు. "నిన్న సీసా ఊగుతుంటే నువ్వు చూశావు కదా?"

"చూశాను బావా. ఇంట్లో మనిషివి కదా, క్లిప్పు వదులుగా ఉంటే నేనే బిగించాను."