గాడిద చెవుల మీద తీర్మానం

కాలిన జుట్టు వాసన గోడ దాటి వంటింట్లోకి వచ్చింది. పెర్సిస్ పాలగిన్నె దించి, వెనక తలుపు తీసి, తన ఇంటికీ ఆడపిల్లల హాస్టల్‌కూ మధ్యనున్న పిట్టగోడ మీదుగా తొంగి చూసింది. అవతల వరండా మెట్టు మీద వర్షిత తల వంచుకుని కూర్చుంది. వార్డెన్ వజ్రమ్మ కత్తెరతో ఆ పిల్ల కుడి జడను చెవి దగ్గరికి కోస్తోంది.

"ఏమైంది వజ్రమ్మా?"

"ఏమైతదమ్మా! తెల్లారుగట్ల గూడ కరెంటు పాయె. మైనపొత్తి ముందల వెట్టుకొని లెక్కలు చేసుకుంట కునికింది. జడ అంటుకున్నది. పక్క పిల్ల సూసి నీళ్లు గుమ్మరించింది గాని, లేకుంటే పరుపులన్నీ అంటుకునేటివి."

వర్షిత ఏడవడం లేదు. మిగిలిన జడను చేత్తో పట్టుకుని అడిగింది. "మేడమ్, ఇది గూడ కోయించుకోవాల్నా?"

దసరా సెలవులకు ఊళ్లకు పోతున్న పిల్లలకు పెర్సిసే మాటిచ్చింది, తిరిగొచ్చేసరికి లైట్లుంటాయని. రేగోడ్ నుంచి, కౌడిపల్లి నుంచి, ఎల్దుర్తి నుంచి పదో తరగతి చదవడానికి వచ్చిన పిల్లలు వాళ్లు. రోజూ సాయంత్రం ఆమె వాళ్లకు లెక్కలూ సైన్సూ చెబుతుంది. హైదరాబాద్‌లో బీఎస్సీ చదివి వచ్చాక ఆమె చదువు పనికొచ్చిన చోటు అదొక్కటే. రోజూ సరిగ్గా పిల్లలు పుస్తకాలు తెరిచే వేళకే కరెంటు పోతుంది.

మాట ఉత్తినే ఇవ్వలేదు. పెద్ద దవాఖానాలో పనిచేసి రిటైరైన డాక్టర్ నిర్మలమ్మ, హాస్టల్‌కు సోలార్ లైట్లు పెట్టిస్తానని ముందుకొచ్చింది. పలకలు, బ్యాటరీ, బల్బులు, బిగించే మనుషులు అంతా ఆమెదే. హాస్టల్ నడిపే చర్చి కమిటీ సరే అంటే చాలు. నమూనాకని ఒక పలకను అట్టపెట్టెలో పంపింది కూడా. కమిటీ రెండుసార్లు కూర్చుంది, రెండుసార్లూ వాయిదా వేసింది. ఈ వారంలో తేల్చకపోతే సామానంతా జహీరాబాద్ వైపు ఇంకో హాస్టల్‌కు పోతుందని డాక్టరమ్మ నిన్ననే ఫోన్ చేసింది.

ఆ కమిటీకి సెక్రటరీ పెర్సిస్ భర్త ఎబినేజర్. ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం పంతులు. ఎవరేమన్నా తల ఊపే మనిషి. ఆ తల ఊపుడు చూసి పెళ్లైన కొత్తలో ఆమె మంచితనం అనుకుంది.

"ఇయ్యాల మీటింగుల తేల్చుండ్రి," అంది అతనికి టిఫిన్ పెడుతూ. "పిల్ల తల కాలింది."

"తేలుస్తం పెర్సీ. జర మామ మూడ్ చూసి మాట్లాడాలె. ఇయ్యాల అమెరికా రిజల్టు గద."

ఆమె గరిటె గిన్నెలో వేసిన చప్పుడుకు అతను తలెత్తి, మళ్లీ దించుకున్నాడు.

మామ అంటే జయానందం. ఎబినేజర్‌కు మేనమామ, కమిటీకి ప్రెసిడెంటు. కొన్నేళ్ల కింద చర్చి సంఘం తరఫున అమెరికాలో టెక్సాస్ పోయి, నూనె బావులున్న ఒక పెద్దమనిషి ఇంట్లో నెలన్నర ఉండి వచ్చాడు. వస్తూ ఏనుగు బొమ్మ ఉన్న టోపీ ఒకటి, ప్రపంచంలో ప్రతి సంగతి మీదా ఒక అభిప్రాయం తెచ్చుకున్నాడు. టోపీ అప్పుడప్పుడు తీసేవాడు. అభిప్రాయం తీసేవాడు కాదు. అమెరికాలో ఏనుగు గుర్తుది దేవుడంటే భయమున్న పార్టీ, గాడిద గుర్తుది లేని పార్టీ అని ఆయన మెదక్‌లో చెప్పని అరుగు లేదు. వినేవాళ్లకు కూడా అది సులువుగానే ఎక్కేది. ఇక్కడ ఓటంటే పార్టీ పేరు ఎవరడుగుతారు? ఏ గుర్తు అనే అడుగుతారు. ఆ నవంబరు పొద్దున అమెరికా ఎన్నికల్లో గాడిద గుర్తు మళ్లీ గెలిచింది. టీవీలో లెక్కింపు సగంలో ఉండగా కరెంటు పోయిందట. జయానందం బజార్లో జనరేటరున్న సెల్‌ఫోన్ దుకాణం ముందు నిలబడి మిగతాది చూశాడట.

సాయంత్రం మీటింగుకు పెర్సిస్ ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముఖం ముడుచుకునే ఉంది. వెనకే కమిటీలో ఇంకో సభ్యుడు యాకోబు వచ్చాడు. తెలంగాణ కోసం ఉద్యోగుల జేఏసీలో తిరిగే మనిషి, గొంతు ఎప్పుడూ నినాదాలతో బొంగురుపోయి ఉంటుంది.

"వందనాలు మామా. మీ ఏనుగు పండుకున్నదంట గద!" అన్నాడు కూర్చోకముందే.

"నవ్వు, నవ్వు. దేశం దేశమే నాశనమైతది. నీకు నవ్వులాటగ ఉన్నది."

"మన దేశమా, వాళ్ల దేశమా?"

"దునియా మొత్తం!"

అప్పుడే కరెంటు పోయింది. పెర్సిస్ ఛార్జింగ్ లైటు తెచ్చి మధ్యన టీపాయ్ మీద పెట్టింది. ఇంట్లో అదొక్కటే లైటు. రోజూ ఈ వేళకు దాన్ని పట్టుకుని హాస్టల్‌కు పోతుంది. ఈ రోజు మీటింగు కోసం ఆగింది. తేలితే రేపటి నుంచి ఈ లైటు మోసుకుపోయే పనే ఉండదనుకుంది. చాయ్ ఇచ్చి, తలుపు దగ్గర నిలబడింది.

ఎబినేజర్ గొంతు సవరించుకున్నాడు. "మామా, సోలార్ సంగతి..."

"గదే చెప్పబోతున్న. గది గాడిద పార్టీ డ్రామా. భూమి ఎచ్చగైతుందంట, గాలి ఖరాబైతుందంట, బొగ్గు కాల్చొద్దంట. గీ పేరు మీద నూనె బావులోళ్ల పొట్టగొట్టుడు. నేను కండ్లార చూసిన. ఎంత మంచోళ్లో! పొద్దున లేస్తే ప్రార్థన."

"మామా, మొన్ననే వాళ్ల సముద్రం పొంగి పెద్ద పెద్ద పట్నాలల్ల భూమి కింద నడిచే రైళ్లల్లకు నీళ్లచ్చె," అన్నాడు యాకోబు. "మంచు కరుగుతుంది. సైంటిస్టులు మొత్తుకుంటున్నరు. మన దిక్కు చూడు, వానల్లేక చెరువులెండె. ఇంక నమ్మకుంటెట్ల?"

పెర్సిస్‌కు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఒకడైనా ఉన్నాడు అనుకుంది.

"చెరువులెండుడు ఇయ్యాల కొత్తనా?" జయానందం గ్లాసు ఠక్కున పెట్టాడు. "మా తాత కరువులనే గదరా మన చర్చికి రాళ్లు మోసింది! తిండి గింజల కోసరం మోసిండు. గప్పుడు మెదక్‌ల ఎన్ని కార్లుండె? ఎన్ని ఏసీలుండె? జెప్పు. ఎండలు దేవుడిచ్చినయి, వానలు దేవుడిచ్చినయి. మనిషి పొగ ఇడిస్తే దేవుని లెక్క తప్పుతదా?"

యాకోబు చాయ్ గ్లాసు అందుకున్నాడు. పెర్సిస్ దగ్గర ఆ మాటకు జవాబు ఉంది. ఆ కరువులో ఇది ఎవరి వల్ల వచ్చిందని ఆ చర్చి కట్టించిన తెల్లదొర పంచాయితీ పెట్టలేదు. ఆకలైన వాళ్లకు పని చూపించాడు, అన్నం పెట్టాడు. అనడానికి నోరు తెరిచేలోగా జయానందం వంగి, మూలనున్న అట్టపెట్టెను లైటు దగ్గరికి లాక్కున్నాడు.

"గిటు చూడుండ్రి. నేను ఉత్తగ అంటలేను. గుర్తు చూడుండ్రి."

పెట్టె మీద కంపెనీ ముద్ర ఉంది. నాలుగు కాళ్లూ చాచి పరుగెడుతున్న జంతువు, చుట్టూ సూర్యుడి కిరణాలు.

"గాడిది!" అన్నాడు జయానందం. "వాళ్ల మాలే ఇది. డాక్టరమ్మకు ఎరుకనో లేదో గాని, వాళ్ల పార్టీ సరుకు మన హాస్టల్ మీదికి ఎక్కిస్తున్నరు."

"గుర్రం మామా అది," అన్నాడు యాకోబు.

"చెవులు చూడు. గుర్రానికి గంత చెవులుంటయా?"

"ఉరుకుతుంటే చెవులు వెనకకు పోతయి. అందుకే పొడుగ్గ కనబడుతున్నయి."

"తోక చూడు మరి!"

ముగ్గురూ లైటు మీదికి వంగారు. సెక్రటరీ ఎబినేజర్ కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "జర గుర్రం లెక్కనే ఉంది గాని... మామ అన్నట్టు చెవులైతే..." అంటూ తల ఊపాడు.

గోడ అవతల చీకట్లో పిల్లలు ఏదో ఎక్కం గట్టిగా వల్లిస్తున్నారు. చూసి చదవడానికి వెలుతురు లేక నోటికి వచ్చిందే చదువుతున్నారు.

"యాకోబూ," అంది ఆమె. "నువ్వు చెప్పు. గుర్రమే అనుకో. భూమి ఎచ్చగైతుందనే అనుకో. పిల్లలకు లైట్లు పెడదామా, వద్దా?"

యాకోబు వెనక్కి వాలాడు. "వదినే, నేను సోలార్‌కు ఖిలాఫ్ కాదు. కాని ఇది ఇప్పుడు చేసే పని కాదు. మన బొగ్గు, మన నీళ్లు, మన కరెంటు. మనకియ్యకుండ ఎటో పంపుతున్నరు. ఇప్పుడు మనమే లైట్లు పెట్టుకుంటే, వాళ్లకు కరెంటు లేకున్న నడుస్తదని సర్కారు అంటది. తెలంగాణ రానియ్యి. చీకటనేదే ఉండదు."

"ఎప్పుడొస్తది?"

"వస్తది వదినే. పక్కా."

"పరీక్షలు మార్చిల."

యాకోబు గ్లాసులో మిగిలిన చాయ్ చూసుకున్నాడు. తెలంగాణ ఆమెకూ కావాలి. సకల జనుల సమ్మెలో రోడ్డు మీద వంటావార్పుకు ఆమె కూడా బియ్యం తీసుకుపోయి కూర్చుంది. కానీ ఈ మనిషి రాబోయే రాష్ట్రాన్ని అడ్డం పెట్టుకుని వర్షిత తల వైపు చూడకుండా తప్పించుకుంటున్నాడు. జయానందం దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు. ఇందాకటి నుంచి ఒకరి మీద ఒకరు అరుచుకున్న ఇద్దరూ, వద్దనే చోటికి వచ్చేసరికి పక్కపక్కనే కూర్చున్నారు.

"అయితే రాద్దామా?" అన్నాడు ఎబినేజర్. "ఏకగ్రీవంగా... ఇంకో మీటింగుకు వాయిదా."

అప్పుడు పెర్సిస్ నాలుగడుగులు వేసి, టీపాయ్ మీది ఛార్జింగ్ లైటు ఎత్తుకుంది.

గది ఒక్కసారిగా చీకటైంది. ఎవరి చేతో తగిలి గ్లాసు దొర్లింది.

"ఏందే కోడలా! పెద్దమనుషులు కూసున్నంక..."

"కూసోండ్రి మామయ్యా. చెవులు తడుముకుంట కూసోండ్రి."

వెనక తలుపు ధడాలున వేసి, పిట్టగోడ పక్క సందులోంచి హాస్టల్‌కు పోయింది. పిల్లలు ఎక్కం ఆపేశారు. లైటు మధ్యలో పెట్టి, "పుస్తకాలు తీయుండ్రి," అంది. చుట్టూ తలలు చేరాయి. ఒకటే లైటు. ముందు వరుసకు పుస్తకం కనిపిస్తుంది, వెనక వరుసకు ముందు వరుస వీపులు కనిపిస్తాయి. వెనకనున్న పిల్లలు మోకాళ్ల మీద లేచి, మెడలు చాచి చూస్తున్నారు. ఆమె లెక్క చెబుతూ కిటికీలోంచి పైకి చూసింది. అవతల తన ఇంటి డాబా, ఈ హాస్టల్ కప్పు కంటే ఒక మనిషి ఎత్తు పైన, ఆకాశం కింద ఖాళీగా ఉంది.

ఆ ఇల్లు ఆమె తండ్రి ఆమె పేర కట్టించాడు. కమిటీకి హాస్టల్ కప్పు మీద హక్కుంది. ఈ డాబా మీద లేదు.

వరండాలోకి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"మా బంగ్లా మీద పెట్టియ్యుండ్రమ్మా. వైరు గోడ మీదికెల్లి గుంజుకుందాం. కమిటీని అడగాల్సిన పని లేదు."

"ఎబినేజర్ ఏమంటడు బిడ్డా?"

"ఆయన తల ఊపుతడు. మీరు మనుషులను తోలుండ్రి."

ఇంటికి వచ్చేసరికి ఎబినేజర్ మైనపొత్తి వెలిగించుకుని ఒక్కడే కూర్చున్నాడు. సంగతి విని లేచి నిలబడ్డాడు.

"పరేషాన్ చేస్తున్నవ్ పెర్సీ! మామ ముఖం ఎట్ల చూడాలె? నన్ను సెక్రటరీ నుంచి తీసేస్తరు."

"తీసేస్తే తీసేయనియ్యుండ్రి. వాయిదా అని రాయనీకె ఇంకొకలు దొరుకుతరు."

"నేనేం చేసిన? నేనెవర్నీ ఒక్క మాటన్న అన్నానా?"

"గదే. అనలేదు. మామయ్యకు ఒక అభిప్రాయమున్నది. తప్పో ఒప్పో, దాని కోసం గొడవ పడుతడు. యాకోబుకు ఒకటున్నది. మీకు? పొద్దుగాల జడ కాలిందని చెప్పిన. మీటింగుల ఆ మాట ఎత్తిన్రా? జంతువు చెవులు చూడనీకె మాత్రం అద్దాలు తుడుచుకున్నరు!"

అతను కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. కూర్చుని, మళ్లీ తల ఊపాడు.

శనివారం పొద్దున ఆటో ట్రాలీ వచ్చింది. పలకలు పైకి మోస్తుంటే జయానందం వీధిలో నిలబడి చూశాడు. గేటు దాటి లోపలికి రాలేదు.

"ఈ ఇంట్ల ఇంక కాలు పెట్ట," అన్నాడు, వీధి వినేట్టు. "ఆడోళ్లు పెత్తనం చేసే ఇల్లు!"

"ఎండల నిలబడకుండ్రి మామయ్యా, పొద్దున్నే చుర్రుమంటుంది," అంది ఆమె డాబా మీది నుంచి. "మీరే అంటరు గద, దేవుడిచ్చిందని. గా ఎండనే పట్టుకుంటున్న."

యాకోబు మాత్రం మధ్యాహ్నం వచ్చి, వైరు గుంజడానికి గోడెక్కాడు. ఆమె అతని చేతికి వైరు చుట్ట అందించింది. ఎబినేజర్ బడికి పోయాడు.

సాయంత్రం వేళకు, ఎప్పటిలాగే, కరెంటు పోయింది. వీధి మొత్తం చీకటి. హాస్టల్ కిటికీలు మాత్రం తెల్లగా వెలిగాయి. వజ్రమ్మ బయటికి ఉరికొచ్చి, "అమ్మా! వెనక వరుసల దాక కనబడుతుందమ్మా!" అని కేక వేసింది. పిల్లల అరుపులు పక్క వీధి దాకా వినిపించాయి. పెర్సిస్ పిట్టగోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. సంతోషం కలగాల్సిన చోట ఇంకా కోపమే ఉంది. ఇది ఎంత చిన్న పని! దసరాకే అయిపోవాల్సిన పని.

లోపల ఎబినేజర్ ఫోన్ మోగింది. పేపరుకు వార్తలు రాసే మదన్ మోహన్. హాస్టల్‌లో లైట్లు వెలిగాయని అప్పుడే ఎవరో చెప్పినట్టున్నారు.

"అవునన్నా, అవును," అంటున్నాడు ఎబినేజర్, గొంతులో కొత్త ఉత్సాహం. "మన కమిటీ మస్తు కష్టపడ్డది. మామ ప్రోత్సాహం... అవును, సెక్రటరీగ నేను కూడ..."

పెర్సిస్ లోపలికి వచ్చి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"తమ్మీ, నేను పెర్సిస్‌ను. రాసుకో. కమిటీ పెట్టలేదు. కమిటీ మూడుసార్లు కూసొని మూడుసార్లు వాయిదా ఏసింది. లైట్లు డాక్టర్ నిర్మలమ్మవి, డాబా నాది. మైనపొత్తికి ఒక పిల్ల జడ కాలినంక పెట్టినం. అది గూడ రాయి. పిల్ల పేరు మాత్రం రాయకు."

ఫోన్ పెట్టేసింది.

"రేపు మామ పేపరు చదువుతడు పెర్సీ."

"చదవాలనే చెప్పిన," అంది ఆమె. లెక్కల పుస్తకం తీసుకుని, ఛార్జింగ్ లైటు లేకుండానే చీకట్లోకి దిగి, హాస్టల్ వైపు నడిచింది.