నలభై ఎనిమిది

అరగంటగా పేచీ వడియాల దగ్గరే ఆగిపోయింది. మేడ మీద ఎండబెడతానని అత్తగారు జోగమ్మ, వద్దని పద్మకుమారి. కోడలు పొద్దున్నే తను ఆరేసిన దుప్పటి మీద వేలితో గీత గీసి, నల్లబడిన ఆ వేలు ఇంటిల్లిపాదికీ చూపించింది.

"అది పక్కింటోళ్ల బొగ్గు పొయ్యిది," అన్నాడు ఆమె మొగుడు తవిటయ్య, పేపర్లోంచి తలెత్తకుండా. "మా ఫౌండ్రీది కాదు. రోజూ చిమ్నీ దుమ్ము కొలిసే మీటరు సూసి రాత్తన్నది నానే కదేటి?"

సొంతూరు వదిలి, హిందీ మాట్లాడే ఈ ఫ్యాక్టరీల ఊరు ఆదిత్యపూర్ వచ్చిన దగ్గర్నుంచీ పద్మకుమారి వింటున్న మాటే. మీటరు చూసే మనిషితో వాదించలేక, దుప్పట్లు మళ్లీ ఉతుక్కునేది.

ఈసారి కూతురు కల్యాణి అడ్డుపడింది. ఇనుము పోతపోసే ఆ ఫౌండ్రీ ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చి రెండు నెలలైంది. తండ్రి మీటరు అంకెలు రాసిన పాత రిజిస్టర్లు వాటిలోకి ఎక్కించే పని ఆ పిల్లదే. ఆ అంకెల్ని బట్టే చిమ్నీకి ఎలాంటి కొత్త ఫిల్టర్ కట్టాలో తేలుతుందన్నారు. తీరా చూస్తే దుమ్ము తక్కువే, ఫిల్టర్ అక్కర్లేదు అని తేలింది. శుక్రవారం ఇంజినీరు నమ్మకం కుదరక ఆ కాగితాలు పక్కన పెట్టేశాడట. నలభై ఎనిమిది, నలభై ఏడు, మళ్లీ నలభై ఎనిమిది. కంప్యూటర్ గీసిన గీత ఎగుడుదిగుడు లేకుండా చాప పరిచినట్టుందట.

"పాపా, ఏక్ బాత్ బతావో," అంది కల్యాణి తండ్రితో హిందీలో, ఒక మాట చెప్పమని. నాన్నమ్మకీ తెలియాలన్నట్టు తెలుగులోకి మారింది. "కిందటేడాది అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు తొమ్మిది రోజులు నువ్వు ఆస్పత్రిలోనే ఉన్నావు. ఆ తొమ్మిది రోజులూ రిజిస్టర్లో నీ చేతిరాతే ఉందేటి?"

పద్మకుమారి చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. తన మంచం పక్క స్టూలు మీంచి మొగుడు కదల్లేదని కాసిడీహ్‌లో ఉండే అక్కకీ, రైల్లో ముక్కూమొహం తెలియనివాళ్లకీ కూడా చెప్పుకుంది. ఆ స్టూలు మీదే ఒళ్లో అట్టపుస్తకం పెట్టుకుని ఏదో రాసేవాడు. ఏటని అడిగితే డ్యూటీ అనేవాడు. జ్వరంలోనూ ఆమె మురిసిపోయింది.

"మరి మిగతా రోజులో?" అంది మొగుడితో.

తవిటయ్య పేపరు మడిచాడు. "సూసి రాసినవి కొన్ని. మిగతావి అందరూ రాసినట్టే. ఒక్కో నెల ఒకటో తారీకునే నెలంతా రాసేసీవోలం. ఎవుడు సూత్తాడులే అని."

"అయితే ఈ నలుపు ఎవలదిరా?" అంది జోగమ్మ.

తవిటయ్య లేచి దుప్పటి దగ్గరికి వెళ్లాడు. పెళ్లాం గీసిన గీత పక్కనే తన వేలితో ఇంకొకటి గీసి, వేలు వైపు చాలాసేపు చూశాడు.

"రేపు షిఫ్టుకి ముందే ఇంజినీరు గారి కాడికి ఎల్తన్నాను," అన్నాడు మెల్లగా, ముగ్గురికీ వినపడేలా. "ఆ అంకెలు నాను సూసి రాసినవి కావని సెప్పేత్తాను. ఉజ్జోగం ఉంటే ఉంటాది, పోతే పోతాది."