పంచుకోకూడని తూటాలు

మా ఊళ్ళో ఎవరు పంది కోసినా, ఎవరి వలలో చేప పడినా ప్రతి ఇంటికీ ఒక వాటా వెళ్ళాలి. వేటకి పోయిన ఇద్దరు మగవాళ్ళు ఆఖరి వక్కను కూడా ఆకు మీద పెట్టి సగానికి కోసుకుంటారు. ఒక్కడే తిన్నాడంటే అంతకు మించిన తిట్టు మా కొండల్లో లేదు. నేనూ ఆ వాటాలు తినే పెరిగాను కాబట్టి ఆ పద్ధతిని తప్పు పట్టను. తూటాల దగ్గర మాత్రం అది పనికిరాదని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను.

మావి జపానువాళ్ళతో యుద్ధమప్పుడు ఇంగ్లీషువాళ్ళు వదిలేసి పోయిన తుపాకులు. ఆ సైన్యం పోయింది, ఆ తూటాలు పోసిన కార్ఖానాలు ఎప్పుడో మూతపడ్డాయి, తుపాకులు మాత్రం మా తాతల భుజాల మీంచి మా తమ్ముళ్ళ భుజాల మీదికి వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు మా మీదికి వచ్చే సర్కారు సైనికుల తూటాలు వీటిలో పట్టవు. అందుకని ఒకసారి పేల్చిన ఇత్తడి డొల్లనే వెతికి తెచ్చి మళ్ళీ మందు కూరి, మళ్ళీ సీసపు గుండు బిగించి, మళ్ళీ పేల్చాలి. కాల్పులు ఆగాక మగవాళ్ళు గాయాలు కట్టుకుంటుంటే మేం ఆడవాళ్ళం చేటలు పట్టుకుని ఏటి ఇసుక చెరుగుతాం. బియ్యంలో రాళ్ళు ఏరే చేతులు కదా, ఒక్క డొల్లను కూడా పోనివ్వవు.

ఏరినవన్నీ నా దగ్గరికి వస్తాయి. మా ఆయన బతికుండగా నేర్పిన పని. కొస వంచిన ఇనుపతీగను డొల్లలోకి దించి లోపలి గోడను తడుముతాను. ఎక్కడైనా తీగ తట్టుకుందా, అక్కడ ఇత్తడి పలచబడిందన్నమాట. దాన్ని మళ్ళీ పేలిస్తే రెండు ముక్కలై కాల్చేవాడి కళ్ళే పోతాయి. బాగున్నదాన్ని పక్కన పెడతాను. అయితే అది అందరికీ కాదు. పేలినప్పుడు డొల్ల ఉబ్బి ఆ తుపాకీ అర, అంటే తూటా కూర్చునే గూడు, ఎంతుంటే అంత అవుతుంది. మా దగ్గర దాని మూతి నొక్కే పనిముట్టు ఉందిగానీ, ఒళ్ళు సన్నం చేసే అచ్చు లేదు. కాబట్టి ఏ తుపాకీలో పేలిన డొల్ల ఆ తుపాకీకే పోవాలి. ఒక్కో తుపాకీకి ఒక్కో సంచీ కుట్టి, మూతికి వేర్వేరు రంగుల దారం వేశాను.

క్లోసే మామ జ్వరంతో పోయినప్పుడు ఊరిపెద్ద ఆయన డొల్లలను ఇంటింటికీ పంచమన్నాడు. నేను సంచీ మీద కూర్చున్నాను.

"ఇదేమన్నా పంది మాంసమా పెద్దయ్యా? ఆ ముసలాయన తుపాకీ అర అరిగి అరిగి బావిలా అయింది. దాంట్లో ఉబ్బినవి వేరే తుపాకీలో దూరవు."

"నీ నోరు దూరని చోటు కూడా లేదులే లాపో," అన్నాడాయన. అందరూ నవ్వారు. కానీ నా మాటే నెగ్గింది. తుపాకీ, సంచీ రెండూ కలిపి తమ్లాకి ఇచ్చారు. తమ్లా అంటే మా తమ్ముడు ప్లేమూ భార్యకి అన్న. తుపాకీ పట్టడం అతనికి కొత్త, అందుకని ప్లేమూ పక్కనే ఏటి రేవు కాపలాకి వేశారు.

మా తమ్ముడి తుపాకీది బిగుతైన అర. అతని తూటాలు ఎందులోనైనా పడతాయి. ఎవరివీ అతని దాంట్లో పట్టవు. ఆ సంగతి ఒకటికి పదిసార్లు చెప్పాను.

"సరేలే అక్కా, నా పెళ్ళాన్నైనా పంచుకుంటాగానీ తూటాలు పంచుకోను."

"ఒరే, అది నా చెల్లెలురా!" అని తమ్లా వాడి వీపు మీద ఒక్కటిచ్చాడు. ఇద్దరూ వెకిలిగా నవ్వుకుంటూ రేవుకి దిగిపోయారు.

వరి కోతలు కాకుండానే సైనికులు వచ్చారు. ఊరు ఖాళీ చేసి శిఖరం దాటి అవతలి లోయలోకి పోవాలి. ముసలివాళ్ళను వెదురు కావళ్ళలో మోస్తున్నారు. మా మరదలికి నెలలు నిండాయి, పది అడుగులకోసారి కూలబడుతోంది. రేవు దగ్గర ఆ ఇద్దరూ ఎంతసేపు ఆపితే మాకు అంత దారి. నేను తూటాలూ పనిముట్లూ ఉన్న నా పెట్టెతో దారి మధ్యలో ఒక బండ కింద ఆగిపోయాను. తూటాలు అయిపోతే వాళ్ళు రావలసింది అక్కడికే. కింద కాల్పులు వినబడుతున్నాయి. మా తమ్ముడి తుపాకీ చప్పుడు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అది కాసేపు వినిపించి ఆగిపోయింది. రెండోది మాత్రం మోగుతూనే ఉంది.

తర్వాత తమ్లా ఒక్కడే ఎక్కి వచ్చాడు. భుజం మీద రెండు తుపాకులు.

"వాడేడీ?"

"రెల్లులో ఉన్నాడు వదినా. మోసుకురాలేకపోయాను." బండకి ఆనుకున్నాడు. "వాళ్ళు అవతలి గట్టుకి పోయారు. అన్నం తిని మళ్ళీ వస్తారు."

మా తమ్ముడి తుపాకీ నా ఒళ్ళో పెట్టాడు. తూటాను అరలోకి తోసి మూసే గొళ్ళెం సగం మూసుకుని ఇరుక్కుపోయి ఉంది. దాని పిడి మీద రాయితో కొట్టిన గాట్లు. అంతా నాకు అర్థమైంది. అయినా అడిగాను.

"ఏం చేశార్రా?"

"నావి తక్కువున్నాయి వదినా. ముందునుంచీ తక్కువేగా. బావ చూశాడు. 'ఇలా తేరా' అని రెండు సంచులూ ఆకు మీద కుమ్మరించాడు. నీకొకటి నాకొకటి అని పంచాడు. నేను వద్దన్నాను. ఒట్టు, వద్దన్నాను. 'అక్క చూడట్లేదులే, నిన్ను ఖాళీ చేతులతో కూర్చోబెట్టి నేనొక్కణ్ణే కాల్చుకోనా' అన్నాడు. నా దాంట్లో అన్నీ పేలాయి. బావ దాంట్లో ఇది ఇరుక్కుంది. రాయితో కొడుతూ కొడుతూ తల పైకెత్తాడు."

నేను ఏడవలేదు. కోపం వచ్చింది. తమ్లా మీద, ఆకు మీద, ఊరి మీద, చచ్చిన నా తమ్ముడి మీద. రేపు వాడి పేరెత్తి ఊరంతా ఏమంటుందో నాకు తెలుసు: ఆఖరిదాకా ఒక్కడే తినలేదు, మంచివాడు అంటారు. ఆ మంచితనాన్ని తీసుకెళ్ళి ఏట్లో కలపాలనిపించింది.

ఇనుపకడ్డీని గొట్టంలోకి దించి మెల్లగా తట్టాను. గొళ్ళెం వదులైంది. తూటా నా అరచేతిలో పడింది. నేను చేసిందే. మూతి నేను నొక్కిందే. ఎక్కడా సొట్ట లేదు, పగులు లేదు. తమ్లా తుపాకీ తీసుకుని అందులో పెట్టాను. అన్నంలో వేలు దిగినట్టు దిగి కూర్చుంది.

మళ్ళీ బయటికి తీశాను. పెట్టెలో ఆ ఇద్దరి తుపాకులకని నింపినవి కాసిని ఉన్నాయి. అవి తమ్లా సంచీలో పోశాను. మందు డబ్బా అడుగంటింది, ఇక కొత్తవి చెయ్యడానికి లేదు. పైన దారిలో మా మరదలు మూలుగు ఇంకా వినిపిస్తోంది, అంటే వాళ్ళు శిఖరం చేరలేదు.

తమ్లా చెయ్యి చాపే ఉంచాడు. "అది కూడా ఇవ్వు వదినా. నా దాంట్లో పడుతుంది కదా."

పిడికిలి విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ క్షణంలో అతన్ని ద్వేషించాను. అతను బతికి, నా తమ్ముడు రెల్లులో పడి ఉన్నందుకు. అయినా ఇచ్చాను. ఇచ్చి, అతని చొక్కా పట్టుకుని గుంజాను.

"ఈసారైనా నా మాట విను. ఎవరడిగినా ఒక్కటి కూడా పంచకు."

అతను తూటాను సంచీలో వేసుకుని మూతి బిగించాడు.

"ఎవరికి పంచుతాను వదినా? రేవులో ఇక నేనొక్కణ్ణేగా," అని కిందికి దిగాడు.